పాత పటాలమీది రాతలు - కుటుంబ చరిత్ర

కుటుంబ చరిత్ర అనగానే వంశవృక్షాలు గుర్తుకొస్తాయి. అవి భూమి, పదవి ఉన్నవారి ఇళ్లలోనే ఎక్కువగా దొరుకుతాయి. కౌలుకు దున్నినవారికీ, వెట్టి చేసినవారికీ మిగిలిన లిఖిత సాక్ష్యం ఏదైనా ఉంటే, అది తరచు ఒక పాత ఫొటో, దాని కిందనో వెనకనో ఉన్న రెండు పంక్తుల రాత. అందుచేత ఆ రాతను చదవడం తెలుసుకోవలసిన విద్య.

మేడ్చల్ పక్కనున్న కండ్లకోయను తీసుకుందాం. నేడు ఔటర్ రింగు రోడ్డు ఆ ఊరిని తాకుతూ పోతున్నది. ఇటువంటి ఊళ్లలో పొలాలు ప్లాట్లవుతున్నాయి, పాత ఇళ్లు కూలుతున్నాయి. గోడమీది పటాలు చెత్తలో కలిసిపోతున్నాయి. నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫ్ బల్దా జిల్లాలో, అంటే నిజాం సొంత ఆస్తి అయిన సర్ఫేఖాస్‌లో ఉండేది. 1949లో సర్ఫేఖాస్ రద్దయింది. అంతకు ముందరి చదువు, కచేరీ వ్యవహారం ప్రధానంగా ఉర్దూలో సాగాయి. కనుక పటం వెనక తాత రాసిన ఉర్దూ అక్షరాలను, తెలుగు బడిలో చదివిన మనుమడు చదవలేడు. ఆ లిపి వచ్చిన పెద్దలు ఊళ్లో ఉండగానే చదివించుకోవాలి.

తారీకు దగ్గర మరింత జాగ్రత్త అవసరం. హైదరాబాదు రాజ్యంలో ఫస్లీ సంవత్సరం నడిచింది. అది అక్టోబరులో, ఆజూర్ నెలతో మొదలయ్యేది. ఫస్లీ అంకెకు డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. 1347 ఫస్లీ అంటే 1937-38. అదే అంకెను హిజ్రీగా పొరబడితే 1928-29 అవుతుంది. తొమ్మిదేళ్ల తేడాతో తండ్రి కొడుకయ్యే ప్రమాదం లేకపోయినా, అన్న తమ్ముడు కావచ్చు! తెలుగు సంవత్సరాల పేర్లు అరవయ్యేళ్లకోసారి తిరిగివస్తాయి. ‘తారణ’ అని ఉంటే అది 1884-85 కావచ్చు, 1944-45 కావచ్చు. ఏదన్నది అట్ట, దుస్తులు, స్టూడియో ముద్ర చూసి తేల్చాలి.

స్టూడియో ముద్ర కూడా సాక్ష్యమే. సికింద్రాబాదులో స్టూడియో నడిపిన దీన్ దయాళ్ 1844లో పుట్టి 1905లో మరణించాడు. ఆరవ నిజాం ఆయనకు ‘రాజా’ బిరుదు ఇచ్చింది 1894లో. అట్టమీద ‘రాజా’ అని అచ్చయి ఉంటే ఆ అట్ట అంతకు ముందుది కాదు. అయితే సంస్థ పేరు ఆయన తరవాతా సాగింది గనుక ముద్ర ఒక్కటే చివరి హద్దును చెప్పదు.

ఇక పటం దాచేదాన్ని చూడాలి. కోటూ, కుర్చీ, చేతి గడియారం స్టూడియోవి కావచ్చు. వాటిని బట్టి కలిమిని నిర్ణయించకూడదు. పేరు ఎవరికి రాశారు, ఎవరికి రాయలేదు అని అడగాలి. కుర్చీలో కూర్చున్న దొర పేరు బిరుదులతో ఉంటుంది. వెనక నిలబడ్డ జీతగాడి పేరు ఉండదు. స్త్రీ అయితే ‘ఫలానావారి భార్య’ అన్నంతటితో సరి. ఆ రాత రాసినవాడి వర్గదృష్టిని కూడా మనకు చెబుతున్నదన్నమాట. చాలా పేద కుటుంబాల్లో తాతకు ఉన్న ఒకే ఫొటో శవాన్ని కూర్చోబెట్టి తీయించినది. దానికింద మరణ తేదీ మాత్రమే ఉంటుంది. బతికిన కాలం గురించి ఒక్క ముక్క ఉండదు.

ఆ ఖాళీని నోటిమాటతో పూరించాలి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వెలువరించింది. కాగితాలకెక్కని జీవితాలు అడిగితే పలుకుతాయని ఆ గ్రంథం నిరూపించింది. పటాన్ని ముసలమ్మ చేతికిచ్చి అడగండి: వీళ్లెవరు, ఎవరి భూమి దున్నారు, ఫొటో ఎందుకు దిగారు? చెప్పినదాన్ని 1954-55 నాటి ఖాస్రా పహాణీలోని పేర్లతో పోల్చండి. రెండూ కలవనిచోట వెంటనే ముసలమ్మను తప్పుపట్టకండి. పహాణీ రాసినవాడికీ ఊళ్లో స్వప్రయోజనాలుండవచ్చు.

చట్రం నుంచి పటాన్ని బలవంతాన ఊడదీయవద్దు. ముందు వెనకల ప్రతులు తీయించి, పేరు లేనివారి పేర్లు వేరే కాగితంమీద రాసి, చెప్పినవారి పేరూ తేదీ వేసి, పటంతోపాటు భద్రపరచాలి. కుర్చీ వెనక నిలబడ్డ మనిషికి ఆ కాగితంమీదనైనా పేరు దక్కాలి.