బోటనీ చదివితే ఏమొస్తది? అపోహలు – వాస్తవాలు

నిజామాబాద్‌లో గానీ బోధన్‌లో గానీ డిగ్రీలో బోటనీ తీసుకున్నానని చెప్పిన పిల్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న: ‘నీట్‌ల రాలేదా బిడ్డా?’ ఆ వెంటనే రెండోది: ‘ఆ సదువుతోని ఏం కొలువొస్తది?’ మొదటి దాంట్లో జాలి ఉంటుంది, రెండో దాంట్లో వెటకారం. చెరకు, పసుపు, ఎర్రజొన్న, సోయా, వరి పండే జిల్లా ఇది. ఇక్కడ సగం ఇళ్ల బతుకు మొక్క మీదే ఆధారపడి ఉంది. అయినా మొక్కల శాస్త్రమంటే ఇక్కడే ఇంత చిన్నచూపు. గిరిరాజ్ కళాశాలలో, డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో ఈ సబ్జెక్టు చదువుతున్న పిల్లల చుట్టూ తిరిగే మాటల్లో ఏది నిజమో, ఏది కాదో ఒకసారి చూద్దాం.

అపోహ: డాక్టరు సీటు రానివాళ్లకే బోటనీ.

చాలామంది ఆ దారినే వస్తారన్న మాట అబద్ధం కాదు. కానీ సబ్జెక్టు విలువను దాంతో తూచలేం. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో 1921లో బోటనీ ఆనర్స్ పూర్తి చేసిన ఇ.కె. జానకీ అమ్మాళ్, 1931లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు. తర్వాత కోయంబత్తూరు చెరకు ప్రజనన సంస్థలో చేరి చెరకు క్రోమోజోముల మీద పనిచేశారు. చెరకును మొక్కజొన్నతో సంకరం చేసి చూశారు. 1945లో శాస్త్రవేత్త డార్లింగ్టన్‌తో కలిసి సాగు మొక్కల క్రోమోజోముల అట్లాస్ వెలువరించారు. పద్మశ్రీ కూడా అందుకున్నారు. ఆమెకు అన్నం పెట్టింది, పేరు తెచ్చింది బోటనీయే.

అపోహ: చెరకుకు విత్తనం ఉండదు. ముచ్చెలు (గడ ముక్కలు) నాటితే చాలు, అందులో చదువుకునేదేముంది?

బోధన్ చుట్టుపక్కల పెరిగిన పిల్లలు కూడా ఈ మాట నమ్ముతారు. పొలంలో చెరకు పూత పూస్తే రైతుకు దిగులు. పూసిన గడ ఎదుగుదల ఆగిపోతుంది, ఆలస్యమైతే లోపల బెండు పడుతుంది. అందుకే ఆ వెండిరంగు కుచ్చులో గింజ ఉందా అని ఎవరూ వెతకరు. ఉంటుంది. నూగులో కలిసిపోయి, కంటికి ఆనీ ఆననంత సన్నగా ఉంటుంది. ముచ్చె నాటితే తల్లి మొక్కే మళ్లీ వస్తుంది. గింజ నాటితే మాత్రం ఒక్కో మొక్క ఒక్కో తీరు. ఒకటి తీపి, ఇంకొకటి పీచు, మరొకటి తెగులుకు లొంగనిది. కొత్త రకం పుట్టేది ఈ తేడాల్లోంచే.

కోయంబత్తూరులో చెరకు బాగా పూస్తుంది. 1912లో అక్కడ ప్రజనన కేంద్రం పెట్టడానికి అదే కారణం. బార్బర్, వెంకట్రామన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అక్కడ లావుపాటి తీపి చెరకును అడవి గడ్డితో సంకరం చేసి, 1918లో ‘కో 205’ రకాన్ని విడుదల చేశారు. ఆ అడవి గడ్డి మరేదో కాదు, మంజీర ఒడ్డున, గోదావరి ఇసుకమేటల మీద తెల్లగా పూసే మన రెల్లు. తీపి తల్లిది, మొండితనం తండ్రిది. ఈనాటి వాణిజ్య రకాలన్నిటిలో రెల్లు వారసత్వం ఎంతో కొంత ఉంది. ‘కో’ అంటే కోయంబత్తూరు. దక్షిణాదిలో, మహారాష్ట్రలో విరివిగా సాగైన కో 86032 పేరులోని 86, ఆ రకానికి నంబరిచ్చిన 1986ను చెబుతుంది. అది రైతు చేతికి విడుదలైంది 2000లో. ఒక రకం వెనుక ఎన్నేళ్ల ఓపిక ఉంటుందో దీన్నిబట్టి లెక్కేసుకోవచ్చు.

అపోహ: షుగర్ ఫ్యాక్టరీయే మూతపడింది, ఇక చెరకు చదువెందుకు?

1937లో నెలకొల్పిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడిన మాట వాస్తవమే. ఫ్యాక్టరీ ఉన్న బోధన్ శక్కర్‌నగర్ వెలవెలబోయింది, చెరకు పొలాలు వరికి, సోయాకు మారాయి. కానీ ఫ్యాక్టరీ మూతపడటానికీ శాస్త్రానికీ ముడిపెట్టడం తప్పు. బోధన్ పక్కనే రుద్రూరులో ప్రాంతీయ చెరకు, వరి పరిశోధన స్థానం ఉంది. పంట మారితే తెగులు మారుతుంది, తెగులు మారితే మళ్లీ మొక్కను చదవాల్సిందే.

అపోహ: బోటనీ అంటే రికార్డులో బొమ్మలు, బట్టీ పట్టిన లాటిన్ పేర్లు.

బొమ్మలూ పేర్లూ అవసరమే. పుల్లయ్య, రవిప్రసాదరావు ఈ జిల్లా మొక్కల మీద ‘ఫ్లోరా ఆఫ్ నిజామాబాద్’ రాయగలిగారంటే పేర్లు తెలియబట్టే. అయితే అక్కడితో ఆగిపోతే పరీక్ష పాసవుతారు, అంతే. పరిశోధనకు, లెక్చరర్ అర్హతకు రాసే సీఎస్ఐఆర్–యూజీసీ నెట్‌లో బోటనీ అని విడిగా పేపరే లేదు. ఉన్నది లైఫ్ సైన్సెస్. జీవరసాయనం, జన్యుశాస్త్రం, పర్యావరణం, చివరికి జంతువుల శరీరధర్మం కూడా అందులో కలిసే ఉంటాయి. ‘కెమిస్ట్రీ తప్పించుకుందామని బోటనీ తీసుకున్నా’ అనేవాళ్లకు ఇది ముందే తెలియాలి. గేట్ లైఫ్ సైన్సెస్ పేపరులోనూ కెమిస్ట్రీ తప్పనిసరి. మనిషిలో 46 క్రోమోజోములుంటే చెరకులో వందకు పైనే. ఆ చిక్కుముడిలోని ‘ఆర్570’ రకం జన్యుపటం 2024లోగానీ ‘నేచర్’ పత్రికలో అచ్చు కాలేదు. ఆ పనికి పెన్సిలు చాలదు, కంప్యూటరు, గణాంకశాస్త్రం కావాలి.

బొమ్మలూ పేర్లతో తేలని పని మన పొలాల్లోనూ ఉంది. పసుపునే తీసుకోండి. ఆర్మూరు వైపు వేరు అనుకునే పసుపు కొమ్ము నిజానికి కాండం. కణుపులు, మొగ్గలు చూస్తే తెలిసిపోతుంది. పసుపు త్రయస్థితికం, అంటే మూడు సెట్ల క్రోమోజోములుండే మొక్క, అందుకే మామూలుగా గింజ కట్టదు. దాంతో ప్రజననకారులకు అది మొండి పంట. కమ్మర్‌పల్లిలోని పసుపు పరిశోధన స్థానం పని ఎందుకు తేలిక కాదో దీన్నిబట్టి తెలుస్తుంది. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది. బోర్డు వచ్చింది కదా, అందరికీ కొలువులే అనుకుంటే అది ఇంకో అపోహ.

అపోహ: విత్తనం సంగతి రైతుకు తెలుసు, దానికి డిగ్రీ ఎందుకు?

అంకాపూర్, ఆర్మూరు రైతులు ఎర్రజొన్న విత్తనం పండించడంలో ఆరితేరినవాళ్లు. పొలంలో బెరుకులు (వేరే రకం మొక్కలు) ఏరడం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. కానీ బస్తా మీద చీటీ పడాలంటే ల్యాబు పరీక్ష దాటాలి. జొన్న నమూనాలోంచి 400 గింజలు వందేసి చొప్పున తడి కాగితాల మధ్య పెడతారు. నాలుగో రోజు ఒకసారి, పదో రోజు ఒకసారి లెక్కపెడతారు. మొలక వచ్చినంత మాత్రాన లెక్కలోకి రాదు. వేరు సరిగా లేనిది, మొలక వంకర తిరిగింది పక్కకు పోతుంది. ధ్రువీకరణకు జొన్నలో కనీసం 75 శాతం మొలక ఉండాలి. ఏది సరైన మొలక, ఏది కాదు అని తేల్చే కన్ను బోటనీ ప్రాక్టికల్స్‌లోనే తయారవుతుంది. విత్తన కంపెనీలు ఇన్ని ఉన్న రాష్ట్రంలో ఆ కన్నుకు గిరాకీ ఉంది.

అపోహ: బోటనీ చదివినా వ్యవసాయాధికారి కావచ్చు.

కాలేరు. ఆ పోస్టుకు బీఎస్సీ అగ్రికల్చర్ కావాలి, వ్యవసాయ విస్తరణాధికారి (ఏఈఓ) పోస్టుకైనా వ్యవసాయ డిప్లొమానో డిగ్రీయో ఉండాలి. ఈ తేడా తెలియక మూడేళ్లు చదివి నోటిఫికేషన్ చూసి తెల్లబోయేవాళ్లు తక్కువేం కాదు. మరోవైపు పురుగుమందుల దుకాణం లైసెన్సుకు బోటనీతో బీఎస్సీ కూడా అర్హతే. ఇది చాలామందికి తెలియదు.

అపోహ: టీచరు ఉద్యోగం తప్ప మరో దారి లేదు.

బీఈడీ చేసి బడికి, ఎమ్మెస్సీతో జూనియర్ కాలేజీకి వెళ్లడం మంచి దారే, కానీ ఒక్కటే దారి కాదు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేయొచ్చు. హైదరాబాద్‌లో బొటానికల్ సర్వే, వరి పరిశోధన సంస్థ, పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఉన్నాయి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకు బోటనీ డిగ్రీ అర్హత, పైగా అది ఆప్షనల్ సబ్జెక్టు కూడా. ఒక చిక్కు మాత్రం ఉంది. సివిల్స్ మెయిన్స్ తెలుగులో రాయొచ్చు గానీ, ఫారెస్ట్ సర్వీసు పేపర్లు ఇంగ్లిషులోనే రాయాలి. తెలుగు మీడియం పిల్లలు మొదటి ఏడాది నుంచే ఇంగ్లిషులో రాయడం అలవాటు చేసుకోవాలి.

డిగ్రీ ప్రవేశాల ‘దోస్త్’లో ఆప్షన్లు పెట్టే ముందు పక్కింటాయన సలహా వినండి, తప్పులేదు. దాంతోపాటు మీకు నచ్చిన మూడు ఉద్యోగాల పాత నోటిఫికేషన్లు తీసి, విద్యార్హతల పేరా ఒక్కటి ఇంట్లోవాళ్లతో కూర్చొని చదవండి.