మూగజీవులకు ఎక్సురే పరీక్ష

మనుష్యుడు తనకు కడుపునొప్పి వచ్చినచో అది ఎచ్చట పుట్టినదో, ఎప్పటినుండి బాధించుచున్నదో వైద్యునితో చెప్పుకొనును. కుక్కయు పిల్లియు అట్లు చెప్పుకొనజాలవు. పిల్లి మరింత గుట్టైనది. ఒంట బాగుండనప్పుడు ఏ మంచము క్రిందనో నక్కి కూర్చుండును గాని మూలుగనైనను మూలుగదు. ఇట్టి రోగులను చూడవలసిన పశువైద్యునకు ఎక్సురే మూడవ కన్ను వంటిది.

1895వ సంవత్సరము నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్ట్స్‌బర్గు నగరమున రాంట్‌జెన్ అను శాస్త్రజ్ఞుడు ఈ కిరణములను కనుగొనెను. వాని స్వభావము అప్పటికి తెలియనందున వానికి 'ఎక్సు' కిరణములని పేరిడెను. ఇవి మెత్తని కండను సులభముగా దాటిపోవును. కాల్షియము గల ఎముక మాత్రము వానిని చాలవరకు అడ్డగించును. అందుచే చిత్రమున ఎముక తెల్లగను, ఊపిరితిత్తులలోని గాలి నల్లగను, కండ బూడిదవన్నెగను కన్పట్టును.

కుక్క మ్రింగిన రాయియు, నాణెమును, సూదియు ఇందు స్పష్టముగా కనబడును. పిల్లి ఆటలాడుచు మ్రింగిన దారము కనబడదు. అయినను దారము బిగిసి లాగుటచే ప్రేగులు కుచ్చెళ్లవలె ముడుచుకొనును. ఆ ముడుతలను చూచియే అనుభవజ్ఞుడైన వైద్యుడు దొంగను పట్టును. ఆలస్యమైనచో ఆ దారమే ప్రేగును కోసి ప్రాణము తీయవచ్చును.

ఆడకుక్క సుమారు 63 దినములు గర్భము మోయును. 45 దినములు దాటిన పిమ్మట పిల్లల ఎముకలు గట్టిపడి చిత్రమునకు చిక్కును. నెలలు నిండినప్పుడు వైద్యుడు కపాలములను, వెన్నెముకలను లెక్కించి పిల్లలెన్నియో చెప్పును. ఈ లెక్క వేడుకకు కాదు. చిత్రమున ఆరు కపాలములు కనబడెననుకొందము. ఐదు పిల్లలను ఈని తల్లి అలసి పడుకొనినది. లెక్క తెలియని యజమాని కాన్పు ముగిసినదని తలచి దీపమార్పును. తెలిసినవాడు ఆ రాత్రియే దానిని వైద్యశాలకు మోసికొనిపోవును. లోపల చిక్కిన పిల్లతోపాటు తల్లి ప్రాణమును దక్కవచ్చును.

'కదలక ఊపిరి బిగబట్టుము' అనిన కుక్క వినునా? అందుచే పలుమారు మత్తుమందిచ్చి పడుకొనబెట్టుదురు. ఒకమారు ప్రక్కగా, మరియొకమారు వెల్లకిలగా చిత్రము తీయుదురు. ఒక్క నీడను బట్టి ముందువెనుకలు తెలియవు గదా! ఈ కిరణములు మితిమీరి సోకిన హాని కలుగును గనుక, దగ్గర నిలిచి జంతువును పట్టుకొనువారు సీసము కూర్చిన అంగీని ధరింతురు.

మూత్రాశయమున ఏర్పడు రాళ్లలో కొన్ని ఈ కిరణములకు కూడ దొరకవు. అప్పుడు వైద్యుడు ధ్వనితరంగములతో చేయు పరీక్షను ఆశ్రయించును.