సైకిలా? పరుగా? లెక్క చూద్దాం!

"సైకిల్ మీద కూసుంటే ఒళ్లెట్ల తగ్గుతది చెల్లె? తిరిగేది చక్రాలే కద!"

మా పక్కింటి అక్క అన్న మాట ఇది. అక్క బీడీలు చేస్తుంది. ఒళ్లో చాట పెట్టుకుని పొద్దు గూకేదాకా ఒకేచోట కూర్చుంటుంది. నేనేమో ఇంటి పని కాగానే కథలంటూ కుర్చీకి అతుక్కుపోతాను. పనులు వేరైనా కూర్చోవడంలో ఇద్దరం ఇద్దరమే!

పోయిన ఎండాకాలంలో రక్తపరీక్ష చేయిస్తే షుగర్ బార్డర్‌లో ఉందని తేలింది. షుగర్‌తో మా అమ్మ పడిన అవస్థ, చివరికి కాలి వేలు తీసేయడం కళ్లారా చూసినదాన్ని. ఆ కాగితం పట్టుకుంటే చేతులు వణికాయి. "రోజూ అరగంట ఒళ్లు కదిలించండి" అన్నారు డాక్టరమ్మ.

ఏం చేయాలి? మా వారు పరుగెత్తమన్నారు. హాస్టల్‌కెళ్లిన అమ్మాయి వదిలేసిన సైకిలేమో గోడకానుకుని నా వంకే చూస్తోంది. డిగ్రీ చదివిన బుద్ధి ఊరుకుంటుందా? పుస్తకాలు తిరగేసి, పెన్సిల్ పట్టాను.

ఒకే దూరమైతే...

పరుగులో ఒక కిలోమీటరుకి, మన బరువులో కిలోకి ఇంచుమించు ఒక కేలరీ చొప్పున ఖర్చవుతుంది. నా బరువు 60 కిలోలు. అంటే కిలోమీటరుకి 60 కేలరీలు. అదే దూరం సైకిల్ మీద వెళితే 20కి కాస్త అటూ ఇటూ. మూడో వంతే! పరుగులో అడుగడుక్కీ ఒళ్లంతా పైకి లేపుకోవాలి. సైకిల్ మీదైతే బరువు సీటు మోస్తుంది. పల్లం వస్తే తొక్కే పని కూడా ఉండదు. అక్క మాటలో సగం నిజముందన్నమాట.

ఒకే సమయమైతే...

మనకి కావలసింది దూరం కాదు కదా, అరగంట! ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతుందో లెక్కగట్టి అమెరికాలో బార్బరా ఏన్స్‌వర్త్ బృందం 1993లో ఒక పట్టిక ప్రచురించింది. తర్వాత దాన్ని సవరిస్తూ వచ్చారు. ఊరికే కూర్చున్నప్పటితో పోలిస్తే గంటకి 8 కిలోమీటర్ల పరుగులో ఎనిమిది రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది. 16 నుంచి 19 కిలోమీటర్ల వేగంతో సైకిల్ తొక్కితే దాదాపు ఏడు రెట్లు, తీరిగ్గా తొక్కితే నాలుగు రెట్లు. నా బరువుకి అరగంట పరుగులో 250, చురుగ్గా తొక్కితే 200, తీరిగ్గా తొక్కితే 120 కేలరీలు. ఎదురుగాలో, ఎత్తో తగిలితే సైకిల్ లెక్క ఇంకా పెరుగుతుంది.

ఒళ్లు చెప్పిన లెక్క

కాగితం మీద పరుగే గెలిచింది. తెల్లారగట్ల ఐదింటికి తిప్పాపూర్ వైపు బయల్దేరాను. నాలుగు కరెంటు స్తంభాలు దాటేసరికి ఆయాసం! మూడో రోజుకి మోకాలు మొరాయించింది. పరుగులో పాదం నేలను తాకిన ప్రతిసారీ మన బరువుకి రెండు మూడు రెట్ల భారం పడుతుందట మరి. ఆ మూడు రోజుల్లో ఏ రోజూ గట్టిగా ఐదు నిమిషాలు పరుగెత్తలేదు. అంటే నలభై కేలరీలు! 250 అనే అంకె అరగంట ఆగకుండా పరుగెత్తగలిగిన వాళ్లది. నాది కాదు.

నాలుగో రోజు పంజాబీ డ్రెస్సు వేసుకుని సైకిల్ తీశాను. ఈ వయసులో ఎవరైనా చూస్తే నవ్వుతారేమోనని మొదట సిగ్గేసింది. మూలవాగు వంతెన మీద గాలి తగిలేసరికి సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. అరగంట ఎలా గడిచిందో తెలీలేదు. వచ్చేటప్పుడు కూరగాయలు కూడా తెచ్చాను.

వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థంగా గానీ, 75 నిమిషాలు గట్టిగా గానీ శ్రమ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడగలిగి, పాట పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థం. ఐదు రోజులు అరగంట చొప్పున తొక్కితే సరిపోతుంది.

అలాగని పరుగుని తీసిపారేయకండి. నేల మీద అడుగు పడితేనే ఎముకకి బలం. ఆ మేలు సైకిల్ అంతగా చేయదు. అందుకే నేను రెండు రోజులు వేగంగా నడుస్తున్నాను. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. ఇంకో మాట. 150 గ్రాముల అన్నంలో దాదాపు 200 కేలరీలుంటాయి. తొక్కొచ్చాం కదా అని ఇంకో కప్పు వడ్డించుకుంటే లెక్క మళ్లీ మొదటికే!

మూడు నెలల తర్వాత పరీక్షలో నా షుగర్ బార్డర్‌కి ఇవతలికి వచ్చింది. అంతా సైకిల్ పుణ్యమే అనను, రాత్రి అన్నం కూడా తగ్గించాను.

నిన్న అక్క వచ్చి సైకిల్ టైరు నొక్కి చూసింది. "గాలి తక్కువున్నది చెల్లె, కొట్టియ్యి" అంది. కాసేపాగి, మెల్లగా అడిగింది.

"ఈ వయసుల నాకొస్తదంటవా?"

వెనకాల పట్టుకోవడానికి నేనున్నాను కదా!