ఫ్రాన్సు లౌకికవాదం: భయానికీ విశ్వాసానికీ మధ్య సంఘం

ఐరోపాలో క్రైస్తవ్యం ముగిసిపోయిందని, చర్చీలు అమ్ముడుపోతున్నాయని, రేపో మాపో అక్కడ మరో మతం రాజ్యమేలుతుందని చెప్పే సందేశాలు మన సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతున్నాయి. వాటిలో నిజం కొంచెమే ఉంటుంది, భయం మాత్రం చాలా ఉంటుంది. అవి చదివి లౌకికవాదమే సంఘానికి శత్రువని అనుకునేవారు మనలో ఉన్నారు. అక్కడి తీవ్ర జాతీయవాద పార్టీలే క్రైస్తవులను కాపాడతాయని నమ్మేవారూ ఉన్నారు. ఈ రెండు మాటలనూ ఒక దేశం చరిత్రతో సరిచూద్దాం. లౌకికవాదం, మతోన్మాదం, రాజకీయ మార్పు ఈ మూడూ గట్టిగా ఢీకొన్న ఆ దేశం ఫ్రాన్సు.

లౌకికవాదం ఎందుకు పుట్టింది?

ఫ్రాన్సులో లౌకికవాదాన్ని "లాయిసితే" అంటారు. ఇది నాస్తికులు ఒక్క రోజులో తెచ్చిపెట్టినది కాదు. దాని వెనుక క్రైస్తవులు క్రైస్తవులనే చంపుకున్న చరిత్ర ఉంది. 1572 ఆగస్టులో పరిశుద్ధ బర్తొలొమయి పండుగనాడు పారిస్‌లో మొదలైన ఊచకోతలో వేలాది మంది ప్రొటెస్టెంట్లు హతమయ్యారు. వారిని హ్యూగెనోలు అంటారు. 1598లో నాల్గవ హెన్రీ రాజు నాంత్ శాసనం ద్వారా వారికి కొంత ఆరాధనా స్వేచ్ఛ ఇచ్చాడు. 1685లో పద్నాల్గవ లూయీ దాన్ని రద్దు చేశాడు. ప్రార్థనా మందిరాలను కూల్చారు, కాపరులను దేశం నుండి వెళ్లగొట్టారు. దాదాపు రెండు లక్షల మంది విశ్వాసులు ఇళ్లూ పొలాలూ విడిచి హాలెండు, ఇంగ్లండు, జర్మనీ ప్రాంతాలకు పారిపోయారని చరిత్రకారుల అంచనా. ఇదంతా జరిగింది "క్రైస్తవ రాజ్యం"లోనే.

1789 విప్లవం వచ్చాక అన్యాయం దిశ మార్చుకుంది. ఈసారి గురువులు హతమయ్యారు, చర్చీలు మూతపడ్డాయి. 1793లో నోత్రదామ్ మహాదేవాలయాన్ని హేతువుకు ఆలయంగా మార్చారు. మతం పేరుతో రాజ్యం చేసిన హింసను చూసిన దేశమే, మతాన్ని తుడిచేయాలని రాజ్యం చేసిన హింసనూ చూసింది. 1801లో నెపోలియన్ పోపుతో ఒప్పందం కుదుర్చుకున్నాడు. గురువులకూ, కొద్దికాలానికే ప్రొటెస్టెంటు కాపరులకూ ప్రభుత్వమే జీతాలిచ్చింది. కానీ జీతమిచ్చే చెయ్యి పెత్తనమూ చేస్తుంది కదా! బిషప్పులను నియమించే విషయంలో ప్రభుత్వ జోక్యం నూరేళ్లకు పైగా సాగింది.

1905 చట్టం ఏమి చెప్పింది?

1905 డిసెంబరు 9న వచ్చిన చట్టం ఈ ముడిని విప్పింది. దాని సారాంశం రెండు మాటలు. ఒకటి, మనస్సాక్షి స్వేచ్ఛకు ప్రభుత్వం పూచీ పడుతుంది, శాంతిభద్రతలకు భంగం లేనంతవరకు ఆరాధనకు అడ్డు చెప్పదు. రెండు, ఏ మతాన్నీ ప్రభుత్వం అధికారికంగా గుర్తించదు, ఏ మతానికీ జీతమూ ఇవ్వదు.

1906లో పోపు పదవ పయస్ ఈ చట్టాన్ని ఖండించాడు. ప్రొటెస్టెంట్లలో చాలామంది మాత్రం దాన్ని ఆహ్వానించారు. తమ తాతముత్తాతలు రాజ్యమతం కింద పడిన బాధ వారికి గుర్తుంది. రాజు మతమే ప్రజల మతం కావాలన్న రోజులు ఇక తిరిగి రావని వారు ఆశించారు.

ఈ చట్టం ఆచరణలో మనం ఊహించుకున్నంత కఠినం కాదు. అప్పటికే ఉన్న మహాదేవాలయాలు ప్రభుత్వ ఆస్తిగానే ఉండిపోయాయి. 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ కాలిపోయినప్పుడు దాని పునరుద్ధరణ బాధ్యత ప్రభుత్వం మీద పడింది అందుకే. 2024 డిసెంబరులో అది తిరిగి తెరుచుకుంది. సైన్యంలో, చెరసాలల్లో, ఆసుపత్రుల్లో ఆత్మీయ సేవకులు నేటికీ ఉన్నారు. 1905లో జర్మనీ కింద ఉన్న ఆల్సాస్, మొజెల్ ప్రాంతాల్లో గురువులకూ కాపరులకూ రబ్బీలకూ ఇప్పటికీ ప్రభుత్వమే జీతాలిస్తోంది.

మన భారత రాజ్యాంగ లౌకికవాదం దీనికి కొంత భిన్నమైనది. 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కునిస్తుంది. ప్రభుత్వం అన్ని మతాలనూ సమానంగా చూడాలన్నది మన పద్ధతి. ప్రభుత్వం అన్ని మతాలకూ సమాన దూరంలో ఉండాలన్నది ఫ్రాన్సు పద్ధతి. ఈ తేడా తెలియకపోతే అక్కడి వార్తలు మనకు సరిగా అర్థం కావు.

ఉన్మాదం కొట్టిన దెబ్బ

2015 జనవరిలో షార్లీ ఎబ్దో పత్రికా కార్యాలయంపై దాడిలో 12 మంది మరణించారు. అదే ఏడాది నవంబరు 13 రాత్రి పారిస్‌లో జరిగిన దాడులు 130 మంది ప్రాణాలు తీశాయి. 2016 జూలై 14న నీస్ నగరంలో ఒక లారీ జనం మీదికి దూసుకుపోయి 86 మందిని చంపింది. 2020 అక్టోబరులో సామ్యుయెల్ పాటీ అనే ఉపాధ్యాయుణ్ణి, భావప్రకటనా స్వేచ్ఛ గురించిన పాఠంలో వ్యంగ్యచిత్రాలు చూపించాడని, దారుణంగా హత్య చేశారు. రెండు వారాలు తిరగకముందే నీస్‌లోని ఒక చర్చిలో ముగ్గురిని చంపారు. ఇవన్నీ ఇస్లాం పేరు చెప్పుకున్న ఉన్మాదులు చేసినవి. దీన్ని దాచవలసిన పని లేదు.

ఈ గాయాలతోపాటు వలసలపై వాదాలు, నిరుద్యోగం, పాత పార్టీలపై విసుగు కలిసి రాజకీయాన్ని మార్చేశాయి. 2002 అధ్యక్ష ఎన్నికల తుది పోరులో తీవ్ర జాతీయవాద నాయకుడు జాన్‌మరీ ల పెన్‌కు 18 శాతం ఓట్లు కూడా రాలేదు. 2022లో ఆయన కుమార్తె మరీన్‌కు 41 శాతం దాటాయి. దశాబ్దాలపాటు దేశాన్ని ఏలిన రెండు పెద్ద పార్టీల అభ్యర్థులకు ఆ ఏడు తొలి విడతలో చెరి 5 శాతం కూడా దక్కలేదు.

పొరుగువాడికి తవ్విన గుంట

భయం పెరిగేకొద్దీ లౌకికవాదం అర్థమూ మారింది. 1905లో అది ముఖ్యంగా ప్రభుత్వానికి వేసిన కట్టడి. ఇప్పుడు అది కొన్నిచోట్ల పౌరులకు వేసే కట్టడిగా మారుతోంది. 2004లో ప్రభుత్వ పాఠశాలల్లో కొట్టొచ్చినట్టు కనిపించే మత చిహ్నాలను నిషేధించారు. అందరి దృష్టీ ముస్లిం బాలికల తలగుడ్డ మీదే ఉంది. కానీ యూదుల టోపీ, సిక్కుల తలపాగా, పెద్ద సిలువ కూడా ఆ చట్టం కిందికే వచ్చాయి.

2021 ఆగస్టు 24 నాటి చట్టం మరింత స్పష్టమైన ఉదాహరణ. ఇస్లామిక్ తీవ్రవాదాన్ని అడ్డుకోవడం దాని ఉద్దేశం. అయితే చట్టం ఒక మతం పేరు రాయదు, అందరికీ వర్తిస్తుంది. మత సంఘాలు అయిదేళ్లకొకసారి జిల్లా అధికారి వద్ద తమ హోదాను ప్రకటించుకోవాలి. విదేశాల నుండి 15,300 యూరోలు మించి వచ్చే విరాళాలను తెలియజేయాలి. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. 1905 చట్టాన్ని సంతోషంగా స్వీకరించి శతాబ్దానికి పైగా నమ్మకంగా పాటించినవారు ప్రొటెస్టెంట్లు. ఇప్పుడు ఆ అదనపు లెక్కల భారం వారి చిన్న సంఘాల మీద కూడా పడింది. ఫ్రాన్సు ప్రొటెస్టెంట్ సమాఖ్య దీనిపై బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది.

పొరుగువాడిని కట్టడానికి పేనిన తాడు మన చేతులకూ సరిపోతుంది. మత విషయాల్లో ప్రభుత్వానికి ఎక్కువ అధికారం కావాలని అడిగే ప్రతి విశ్వాసీ, రేపు ఆ అధికారం ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించుకోవాలి. అదృష్టమో, మందబలమో చూసుకుని అడిగే మాట కాదిది.

అసలు కష్టం ఎక్కడ ఉంది?

ఫ్రాన్సు జాతీయ గణాంక సంస్థ 2019-20లో జరిపిన సర్వేలో 18 నుండి 59 ఏళ్ల వారిలో 51 శాతం తమకు ఏ మతమూ లేదన్నారు. కతోలికులమన్నవారు 29 శాతం, ముస్లింలమన్నవారు 10 శాతం. అంటే సంఘం ఖాళీ అయినది మరో మతం గెలిచినందువల్ల కాదు. విశ్వాసం ఒక తరం నుండి మరో తరానికి అందలేదు. ఈ లోటును ఏ ఎన్నికా తీర్చలేదు, ఏ నిషేధమూ పూడ్చలేదు. కుటుంబ ప్రార్థన, వాక్యబోధ, సాక్ష్యం, ప్రేమ చేయవలసిన పనిని పోలీసులకు అప్పగించలేము.

2016 జూలై 26 ఉదయం నార్మండీలోని ఒక చిన్న పట్టణంలో ఆరాధన జరిపిస్తున్న 85 ఏళ్ల ఫాదర్ జాక్ హామెల్‌ను ఇద్దరు యువకులు బలిపీఠం దగ్గరే గొంతు కోసి చంపారు. పగ పెంచుకోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. కానీ ఆ తర్వాతి ఆదివారం అనేక చర్చీల్లో ముస్లింలు వచ్చి విశ్వాసుల పక్కన కూర్చుని దుఃఖం పంచుకున్నారు. చర్చీలు వారికి తలుపులు తెరిచాయి. హామెల్ సోదరి, హంతకుల్లో ఒకరి తల్లిని కలుసుకుని ఆమెతో స్నేహం చేసింది. చనిపోయినవాడి తల్లి కూడా కుమారుణ్ణి పోగొట్టుకున్న తల్లేనని ఆమె గుర్తించింది.

తమను చేర్చుకోని గ్రామం మీద అగ్ని కురిపిద్దామన్న శిష్యులను ప్రభువు గద్దించాడు (లూకా 9:54-55). తన రాజ్యం ఈ లోకసంబంధమైనది కాదని పిలాతు ఎదుటే చెప్పాడు (యోహాను 18:36). చెరలో ఉన్నవారిని కూడా తాము నివసించే పట్టణం క్షేమం కోరుకోమని యిర్మీయా ఆదేశించాడు (యిర్మీయా 29:7). సంఘానికి రాజ్యాధికారం ఎంత ప్రమాదమో, సంఘాన్ని అణచే రాజ్యమూ అంతే ప్రమాదం. రెండింటి మధ్య న్యాయమైన లౌకికవాదం ఒక గోడలాంటిది. ఆ గోడ అందరికీ ఒకే ఎత్తులో ఉండాలని కోరడం మన బాధ్యత.

కాబట్టి ప్రియ పాఠకులారా, భయపెట్టే సందేశం చేతికి అందినప్పుడు పంపేముందు అది నిజమో కాదో చూద్దాం. ఫ్రాన్సులోని చిన్న సంఘాల కోసం, అక్కడ చదువుకుంటున్న, పనిచేస్తున్న మన బిడ్డల కోసం ప్రార్థిద్దాం. మన స్వేచ్ఛ కోసం అడిగేటప్పుడు మన పొరుగువాని స్వేచ్ఛనూ అదే నోటితో అడుగుదాం. ఈ ఆదివారం మన పిల్లలు బైబిలు తెరిచారో లేదో కూడా చూద్దాం.