గేర్ బాక్సు ఇప్పటానికి బలం కాదు, వరస కావాలి

జగ్గయ్యపేట, నందిగామ పక్క ఊళ్లల్లో చాలా ఇళ్ల ముందు ఓ చిన్న ట్రక్కో, లారీయో కనపడిద్ది. సిమెంటు, పత్తి, మిరపకాయలు... 65వ నంబరు హైవే మీద ఆ చక్రాలు తిరిగితేనే పొయ్యి వెలిగే ఇళ్లు అవి. అట్టాంటి బండికి గేరు పడకపోతే కిస్తీ తారీఖు ఆగదు గదా! ఎంటనే బెజవాడ ఆటోనగర్‌కి లాక్కెళ్తాం. అందులో తప్పు లేదు. ఆ ఇనప డబ్బాలో ఏముందో తెలియకుండా, అడిగినంత ఇచ్చి రావటమే తప్పు.

లోపలుండేది బ్రహ్మపదార్థం ఏం కాదు. ఇంజను తిప్పుడు క్లచ్ మీదగా ఇన్‌పుట్ షాఫ్టుకి, దాన్నించి లే షాఫ్టుకి వచ్చిద్ది. లే షాఫ్టు పళ్లు మెయిన్ షాఫ్టు మీదున్న గేర్లని తిప్పుతా ఉంటయ్. మనం రాడ్డు లాగితే ఫోర్కు ఓ స్లీవుని జరిపి, కావాల్సిన గేరుని షాఫ్టుకి పట్టిచ్చిద్ది. అట్టా పట్టేముందు రెండిటి వేగం సమానం చేసేది సింక్రో రింగు. అది అరిగితే కర్ర్‌మని అరుపు.

అరుపు రాగానే డబ్బా ఇప్పొద్దు తమ్ముడూ. ముందు క్లచ్ పూర్తిగా వదులుతుందో లేదో చూడు. న్యూట్రల్లో మోత వచ్చి, క్లచ్ తొక్కితే ఆగిందా? డబ్బాలో బేరింగుల మీద అనుమానం. తొక్కినప్పుడే వస్తుందా? అది క్లచ్ రిలీజ్ బేరింగు. డబ్బా దించాలిగానీ లోపల ఇప్పే పని లేదు. ఆయిల్ తీసి చూడు. సన్నగా ఇత్తడి తళుకుంటే మామూలు అరుగుదల. ఉక్కు ముక్కలుంటే పళ్లు విరిగినట్టే.

నా మొదటిసారి సంగతి చెప్తా. చిన్న సామానంతా ఒకటే డబ్బాలో పోశా. అన్నీ బిగిచ్చాక ఓ చిన్న పిన్ను మిగిలింది. 'ఇంత చిన్నదేగా' అనుకొని మూత మూశా. బల్ల మీద చేత్తో తిప్పి చూస్తే రెండు గేర్లు ఒకేసారి పడి బిగుసుకుపోయినయ్. రెండు గేర్లు కలిసి పడకుండా ఆపే ఇంటర్‌లాక్ పిన్ను అదే! లోడుతో కీసర వంతెన మీద అట్టా జరిగుంటే? తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిచ్చిద్ది. మళ్లీ మొత్తం ఇప్పా.

అప్పుడు మా మేస్త్రీ బాబాయి ఒకటే మాటన్నాడు: "ఫోను జేబులోనే ఉందిగా, తీసేముందు ఫోటో తియ్యరా."

అందుకే వరస. తీసిన ప్రతి ముక్కనీ తీసిన క్రమంలోనే పాత దుప్పటి మీద పేర్చు. స్లీవుకీ హబ్బుకీ గుర్తు పెట్టు. ఎట్టాగూ ఇప్పావు కాబట్టి బేరింగులు, ఆయిల్ సీళ్లు, సర్‌క్లిప్పులు కొత్తవెయ్యి. షాఫ్టు మీదకి బేరింగు ఎక్కిచ్చేటప్పుడు దెబ్బ లోపలి రింగు మీదే పడాలి. బయట రింగు మీద కొడితే కొత్త బేరింగు కూడా పాడైద్ది. కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడు ఆయిలే పొయ్యి. వేరే రకం పోస్తే కొన్ని డబ్బాల్లో ఇత్తడి రింగులు దెబ్బతింటయ్. బండికి ఎక్కిచ్చే ముందు బల్ల మీదే అన్ని గేర్లూ, రివర్సుతో సహా, చేత్తో తిప్పి చూసుకో.

ప్రాణం తీసేది గేర్లు కాదు, బరువు. ఒట్టి జాకీని నమ్ముకొని బండి కింద దూరొద్దు. స్టాండ్లు పెట్టు, చక్రాలకి అడ్డం వెయ్యి, బ్యాటరీ వైరు తీసెయ్. పెద్ద లారీ డబ్బాకైతే చైన్ బ్లాకు, తెలిసిన మనిషి ఉండాల్సిందే. షాఫ్టు వంగినా, కేసింగు పగిలినా మేస్త్రీ దగ్గరికే పో.

ఇంకో మాట. అన్నం పెట్టే బండి మీద మొదటి ప్రయోగం చెయ్యొద్దు. పాత ఇనప కొట్లో చెడిపోయిన డబ్బా ఒకటి తెచ్చుకొని రెండుసార్లు ఇప్పి బిగిచ్చు. తర్వాత ఆటోనగర్‌కే పోయినా, ఏం పాడయ్యిందో నువ్వే చెప్పగలవు. అప్పుడు బిల్లు మీద ప్రతి పేరుకీ అర్థం తెలుసుద్ది, ప్రశ్న అడిగే ధైర్యం వచ్చిద్ది.