పెరటిలో శరత్తు

ఇంగ్లీషు వాచకంలో 'ఆటమ్' అన్న మాట వచ్చిన రోజున తెలుగు బడిలో ఒక చిన్న చిక్కు ఏర్పడుతుంది. పాఠంలో ఆకులు పండి, ఎర్రబారి, రాలిపోతూ ఉంటవి. చెట్లు మోడులై మంచుకాలానికి ఎదురుచూస్తూ ఉంటవి. ఉపాధ్యాయుడు ఆ మాటకు శరదృతువు అని అర్థం చెబుతాడు. నిఘంటువు చెప్పేదీ అదే. కాని కిటికీలోనుంచి బయటికి చూచిన పిల్లవానికి రాలుతున్న ఆకు ఒక్కటీ కనిపించదు. దడి వెంబడి బంతిమొక్కలు నడుమెత్తు పెరిగి విరగబూచి ఉంటవి. చిక్కుడు తీగ పందిరి దాటి పక్కనున్న జామచెట్టును పట్టుకొని ఉంటుంది. మన ఊళ్ళలో వేప ఆకు రాల్చేది మాఘ ఫాల్గుణాలలో. దానికి శిశిరమని వేరే పేరున్నది. చెప్పిన అర్థం తప్పు కాదు, దేశమే వేరు. చల్లని దేశాలలో తోట తలుపు మూసుకొనే వేళకు ఇక్కడి పెరడు రెండవసారి తలుపు తెరుస్తుంది.

ఆశ్వయుజ కార్తీకాలు శరత్తు. రైతు లెక్కలో హస్త, చిత్త, స్వాతి, విశాఖ కార్తెలు. ఇంగ్లీషు తేదీలలో సెప్టెంబరు చివరనుంచి నవంబరు మూడవ వారందాకా. అప్పటికి నైరృతి వానలు వెనుదిరుగుతవి. ఈశాన్యపు వానలు తీరం వెంట మొదలవుతవి. నెల్లూరు వైపు పెరడుకు ఇదే పెద్ద వానకాలం. తెలంగాణలోని పెరడుకు వాన ముగిసి బావినీరో కుళాయినీరో లెక్కచూచుకోవలసిన కాలం. కనుక తెలుగునాట అందరికీ ఒకే పంచాంగం పనికిరాదు. ఎవరి నేల పదును వారే చూచుకోవలె.

పదును చూడడం పుస్తకంలో నేర్చే విద్య కాదు. వాన వెలిసిన మరునాడే గునపం పట్టినవాడు నేలను పాడు చేస్తాడు, ముఖ్యంగా నల్లరేగడి. తడిమీద తవ్విన రేగడి ఎండితే ఇటుకలవలె గట్టిపడుతుంది, వేరు దానిలో దూరదు. పిడికెడు మట్టి తీసి గట్టిగా అదిమి, వేలితో తట్టినప్పుడు పొడిపొడిగా విడిపోతే తవ్వవచ్చును. ముద్దగా నిలిస్తే ఇంకొక రోజు ఆగవలె. నాలుగు నెలల వాన దెబ్బలకు పైమట్టి అణగి పెచ్చు కట్టి ఉంటుంది. మొక్కల మొదళ్ళలో గొప్పు తవ్వి, చివికిన పశువుల ఎరువు కలిపి, నీరు నిలిచే పాదులకు చిన్న కాలువ తీస్తే సగం పని ముగిసినట్లే. మిగతా సగం నారుమడి. వంగ, టమాటా, మిరప నార్లు ఈ రోజులలోనే నాటుకోవచ్చును. మెంతి మూడు నాలుగు రోజులలో తల ఎత్తుతుంది. కొత్తిమీరకు ఓపిక కావలె. ధనియపు గింజ ఒక్కటిగా కనిపించినా అందులో రెండు విత్తనాలుంటవి. నలిపి రెండు బద్దలు చేసి చల్లవలె. అప్పటికీ అది పది పదిహేను రోజులు తీసుకొంటుంది. విత్తిన నాలుగవ రోజున మడిలో వేలుపెట్టి కెలికి చూచే పిల్లలకు ఆ పది రోజులూ ఒక యుగం. ఎండలు ముదిరితే కొత్తిమీర ఆకు పెట్టడం మాని పూతకు పోతుంది గనుక దానికి ఈ చల్లని నెలలే అదను.

పని ఎంత ఉన్నా శరత్తులో పెరటికి పోవడానికి మొదటి కారణం పని కాదు, పారిజాతం. ఆ చెట్టుకు ఆకు గరుకు, కొమ్మ వంకర. పగటివేళ దానివంక ఎవరూ రెండవసారి చూడరు. చీకటి పడుతూండగా మొగ్గలు విచ్చుకొంటవి. తెల్లవారేసరికి పూలన్నీ నేలమీదనే ఉంటవి. తెల్లని రేకులు, కాషాయపు కాడ. చెట్టునుంచి కోయకుండా, రాలిన పూలనే పూజకు ఏరుకొనే మర్యాద ఈ ఒక్క చెట్టుకే ఉన్నది. అందుకని ముందునాటి సాయంకాలమే కింద ఊడ్చి, అలికి, ముగ్గు పెట్టి ఉంచే ఇళ్ళు ఉన్నవి. తెల్లవారుజామున లేచి పూలు ఏరే పిల్లలకు ఆ పూలు చెట్టు ఇచ్చినవో నేల ఇచ్చినవో తోచదు. ఆ కాడలను ఎండబెట్టి మరిగిస్తే కుంకుమపువ్వు వన్నె రంగు వస్తుంది. పూర్వం పట్టుబట్టలకు ఆ రంగు అద్దేవారు.

తెలంగాణలో ఈ ఋతువు పెరటితో ఆగదు. మహాలయ అమావాస్యతో మొదలయ్యే బతుకమ్మ తొమ్మిది రోజులకూ పెరటి బంతి చాలదు. గునుగూ తంగేడూ చేలగట్లమీదా బీళ్ళలోనూ వెదకవలె. ఎవరూ విత్తని ఈ రెండు పూలూ వరుసలు వరుసలుగా పేరుస్తుంటే, పెంచిన బంతి వాటి నడుమ చేరుతుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. తంగేడు ఆ రాష్ట్రపు పువ్వు అయింది. బీళ్ళు ఇళ్ళ స్థలాలుగా మారిపోతున్న ఊళ్ళలో గునుగు సంతలో కొనే పువ్వు అయింది. దాని విత్తనం చల్లితే ఏ మూలనైనా మొలుస్తుంది, చల్లేవారే అరుదు.

బంతి తనను విత్తిన నెలనుబట్టి పూస్తుంది. చేమంతి అట్లా కాదు. జూన్‌లో నాటినా, ఆగస్టులో నాటినా పొద్దు తగ్గితే గాని మొగ్గ తొడగదు. పాతరకం చిక్కుడూ అంతే. తొలకరికే పందిరి ఎక్కించిన తీగ శ్రావణం భాద్రపదం ఆకుతోనే గడుపుతుంది. ఇంటివారు విసిగి, ఇది గొడ్డుతీగ అని నిర్ణయించి, పీకివేయడానికి సిద్ధపడే వేళకు ఊదా రంగు పూలగుత్తులు లేస్తవి. విజయవాడ ప్రాంతంలో జూన్ నెలలో పగలు 13 గంటలకు పైచిలుకు. డిసెంబరు చివరకు 11 గంటలకు కొద్దిగా ఎక్కువ. ఈ రెండు గంటల తేడాను గడియారం లేని తీగ పసిగడుతుంది.

ఈ సంగతిని శాస్త్రం పట్టుకొన్నది ఒక పొగాకు మొక్కవల్ల. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేసవిలో ఎంత పెరిగినా పూయని ఒక పొగాకు రకాన్ని మధ్యాహ్నం వేళ చీకటి గదిలోకి తరలించి, దాని పగటిని కుదించి, పూయించినారు. 1920లో ఆ ఫలితాలను ప్రకటించినారు. మొక్క లెక్కించేది పగటి పొడుగును కాదు, ఎడతెగని రాత్రి పొడుగును అని హామ్నర్, బానర్ 1938లో చూపినారు. పొడుగాటి రాత్రి నడుమ కొద్దిసేపు దీపం వెలిగించినా మొక్క లెక్క తప్పుతుంది. వీధి దీపపు వెలుగు ప్రహరీ దాటి పడేచోట చేమంతి కుండీ పెట్టుకొని, పూయలేదని నర్సరీవానిని తిట్టుకొనేవారు ఆ కుండీని పదడుగులు ఇవతల చీకటిలోకి జరిపి చూడవచ్చును. రెండు చేమంతి కుండీలు, ఒకటి దీపం కింద, ఒకటి చీకటిలో. బడి తోటలో ఇంతకంటె చవకైన ప్రయోగశాల దొరకదు.

శరత్తు పురుగులకూ ఇష్టమైన కాలమే. చిక్కుడు లేతకొసలకు పేను పడుతుంది; దాని వెంట చీమలు బారులు తీరుస్తవి. చీమలు దాన్ని తినవు, అది విడిచే తీపి రసంకోసం కాపలా కాస్తవి. మంచు ఆరకముందే జల్లెడ పట్టిన బూడిద చల్లడం పాతకాలపు చికిత్స. ఆ గుంపులో ఎర్రగా, నల్లచుక్కలతో అక్షింతల పురుగు కనిపిస్తే మాత్రం బూడిద పళ్ళెం పక్కన పెట్టవలె. తోటమాలి చేసే పని అదే చేస్తుంది. కరివేపాకుమీద మొదట పిట్టరెట్టవలె కనిపించి, తరువాత ఆకుపచ్చబారే గొంగళిపురుగు నాలుగు రెమ్మలు తినివేసినమాట నిజమే. అది నిమ్మజాతి సీతాకోకచిలుక బిడ్డ. మొక్క పెద్దదైతే ఆ నాలుగు రెమ్మలూ ఇచ్చివేయడం మేలని పిల్లలున్న ఇంట ఎవరూ వాదించనక్కరలేదు.

తీరపు జిల్లాలలో ఈ ఆనందమంతా ఒక కన్ను ఆకాశంమీద పెట్టి అనుభవించవలసిందే. బంగాళాఖాతంలో పెద్ద తుఫానులు లేచేది ఈ రెండు నెలలలోనే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణాలను తీసుకొన్నది. దాని ఎదుట పెరటి మాట ఎత్తడమే తగదు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంమీద విరుచుకుపడిన హుద్‌హుద్ నగరపు పచ్చదనాన్ని ఒక్క పగటిలో నేలకూల్చింది. మహావృక్షాలకే నిలువనీడ లేని గాలిలో పందిరి ఎంత? అయినా చేయగలిగినవి కొన్ని ఉన్నవి. మునగకొమ్మ బలం లేనిది, మొదట విరిగేది అదే. వానలు ముదరకముందే దాన్ని కొట్టి, కొమ్మలు పాతితే మరి రెండు చెట్లవుతవి. అరటి గెలకు ఊతకర్ర పెట్టవలె. మిద్దె తోటలవారు తొట్లను పిట్టగోడమీదనుంచి దించి నేలమీద చేర్చి ఉంచవలె. గాలికి లేచిన తొట్టి కింద పోయేవారి నెత్తిన పడుతుంది. ముదిరిన కాయ ఏదైనా తీగమీద ఉంటే వార్త రాగానే కోసి లోపల పెట్టవలె. కూరకు కాదు, విత్తనానికి.

విత్తనం మాట వచ్చేసరికి శరత్తు పని బరువు తెలుస్తుంది. ఆనపకాయ అన్నా సొరకాయ అన్నా ఒకటే; తొలకరికి పెట్టిన పాదుకు ఈ నెలలలో కాపు చివరికి వస్తుంది. ఉన్నవాటిలో నదురైన కాయను ఒకదానిని, పాదు బలంగా ఉండగానే, వంటింటికి ఇవ్వక ఆపవలె. ఎండి, తొడిమ వాడి, ఊపితే లోపల గింజలు గలగలమనేదాకా తీగనే ఉండవలె. బీరకాయ ఇంకా చిత్రమైనది. ఎండిన కాయ కొస మూతవలె ఊడివస్తుంది. తలకిందులుగా పట్టి తడితే నల్లని గింజలు ఒక్కొక్కటే జారిపడతవి. ఈ కాయలను చూరుకు వేలాడదీసిన ఇళ్ళు ఒకప్పుడు ఊరినిండా ఉండేవి. ఆపిన కాయను ఒక చుట్టపుచూపు నాడు కూర తక్కువై కోసివేస్తే, ఆ ఇంటి సొర ఆ ఏటితో సరి. పక్కింటిలో ఉంటే మళ్ళీ వస్తుంది. పక్కింటిలోనూ లేకపోతే రాదు. ఎన్నో ఇళ్ళలో ఎన్నో రకాలు పోయింది తెగుళ్ళవల్ల కాదు, ఇట్లాగే.

అంగడిలో రంగుల పొట్లాలలో దొరికే విత్తనం తక్కువదని అనడం అన్యాయం. సంకరజాతి మొక్క కాపు ఎక్కువ, మొదటి కాయ త్వరగా వస్తుంది. కాని దాని గింజను దాచి మరుసటి ఏడు పెట్టినవారికి ఒక కాయ పొడుగు, ఒక కాయ పొట్టి, ఒక తీగ గొడ్డు. దీనికి కారణం మెండెల్ 1866లో ప్రకటించిన వ్యాసంలో ఉన్నది. ఆయన పరిశోధనకూ ఒక మఠపు పెరటి బఠాణీ మొక్కలే ఆధారం. పదవ తరగతిలో మూడింటికి ఒకటి అని కంఠస్థం చేసే నిష్పత్తిని సంకర విత్తనం రెండవ ఏట పందిరిమీద చూపిస్తుంది.

ఇంటి విత్తనానికీ జాగ్రత్త కావలె. సొర, బీర, గుమ్మడి జాతులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. తేనెటీగా చిమ్మటా పక్కపెరటి పుప్పొడిని తెచ్చి కలుపుతవి. రకం చెడకుండా ఉండవలెనంటే, విచ్చుకోబోయే ఆడపువ్వునూ మగపువ్వునూ ముందే దారంతో మూతి కట్టవలె. విచ్చే వేళకు విప్పి మగపువ్వును ఆడపువ్వుకు రుద్ది, మళ్ళీ కట్టి, కాడకు గుర్తుగా రంగుదారం చుట్టవలె. గుమ్మడి తెల్లవారుజామున విచ్చుతుంది, సొర సాయంకాలం. బడిపిల్లలకు రెండువేళలూ తీరికే. చేదుగా ఉన్న సొరకాయను మాత్రం రుచి తెలియగానే ఉమిసి పారవేయవలె, వండరాదు. ఆ చేదు విషం. దాని గింజనూ దాచరాదు. ఇక చిక్కుడుకు ఈ తంటాలేవీ లేవు. అది చాలవరకు తన పుప్పొడితోనే కాయకడుతుంది గనుక తల్లి ఎట్లాంటిదో బిడ్డ అట్లాంటిదే. విత్తనం దాచడం నేర్వదలచినవారు చిక్కుడుతో మొదలుపెట్టడం మంచిది.

పొద్దుతో నిమిత్తం లేక ఏడాది పొడుగునా కాచే పొట్టి చిక్కుళ్ళు ఇప్పుడు వచ్చినవి. అవి చోటు తక్కువ ఉన్నవారికి వరమే. అయితే వాటితోపాటు పందిరి పోయింది, పందిరి కింది నీడ పోయింది, ఆశ్వయుజంలో మొదటి పూలగుత్తిని ఎవరు ముందు చూచినారన్న పిల్లల తగాదా కూడ పోయింది.

కార్తీకం వచ్చేసరికి ఉసిరిచెట్టు కింద జనం చేరుతారు. క్షీరాబ్ది ద్వాదశినాడు తులసికోటలో ఉసిరికొమ్మ నాటి దీపం పెడతారు. పెరటిలో ఆ రోజుకు మెంతి రెండుసార్లు కోసి ఉంటారు. వంగనారు వేరు పట్టి ఉంటుంది. చేమంతి మొగ్గలకు రంగు తిరుగుతూ ఉంటుంది. చిక్కుడు మొదటి కోత కూరకు పోతుంది. సంక్రాంతిదాకా కాస్తుంది, ఆ తరువాత రథసప్తమినాడు దాని కాయలకు పుల్లలు గుచ్చి రథం కడతారు, దాని ఆకులలో పరమాన్నం నివేదన చేస్తారు. ఆ రథానికి కావలసిన కాయలు పోను, పందిరి నడికొమ్మన ఒక గుత్తిని ఇంటి పెద్దామె ఎర్రదారం చుట్టి వదలివేస్తుంది. మనవలకు దానిమీద చెయ్యి వేసే హక్కు లేదు. అది తీగమీదనే ఎండవలె.