బరువు తగ్గించు పథ్యములు ఏల విఫలమగుచున్నవి?

పూర్వము మన గ్రామములలో స్థూలకాయము గలవారు అరుదుగా కనుపించెడివారు. బొజ్జ కలిమికి గుర్తుగా ఎంచబడెడిది. నేడు పరిస్థితి మారినది. 2019-21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి, 15 నుండి 49 ఏండ్ల వయస్సు గలవారిలో అధిక బరువు గాని స్థూలకాయము గాని కలవారు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో నూటికి 36.3, పురుషులలో 31.1 వంతున కలరు. తెలంగాణలో స్త్రీలలో 30.1, పురుషులలో 32.3 వంతున కలరు. అధిక బరువును వెన్నంటి మధుమేహము, రక్తపు పోటు, గుండె జబ్బులు, మోకాళ్ల నొప్పులు వచ్చుచున్నవి. కుటుంబమును పోషించు వ్యక్తి నలువది ఏండ్లకే మంచము పట్టినచో ఆ ఇంటి సేద్యము, పిల్లల చదువు రెండును దెబ్బతినును. కావున ఇది సొగసునకు సంబంధించిన విషయము కాదు. గ్రామ క్షేమమునకు సంబంధించినది.

బరువు తగ్గవలెనను కోరిక ఇప్పుడు పల్లెలకును వ్యాపించినది. పథ్యములు ఆరంభించువారికి కొదువ లేదు. కాని మొదటి నెలలో నాలుగు కిలోలు తగ్గి, ఆరు నెలలు గడచునప్పటికి అయిదు కిలోలు పెరిగినవారు ప్రతి ఊరను కలరు. వారిని చూచి తక్కినవారు "ఇది మన వల్ల కాదు" అని విరమించుచున్నారు. ఈ వైఫల్యమునకు మనోనిగ్రహము లేకపోవుటయే కారణమని తలచుట పొరపాటు. కారణములు వేరుగా కలవు. వాటి నెరిగినచో దాటుట కష్టము కాదు.

పని మారినది, కంచము మారలేదు

జాతీయ పోషకాహార సంస్థ హైదరాబాదున నున్నది. ఆ సంస్థయు, భారత వైద్య పరిశోధన మండలియు 2020లో ప్రకటించిన లెక్కల ననుసరించి, కఠిన శ్రమ చేయు పురుషునకు దినమునకు 3,470 కెలోరీల శక్తి గల ఆహారము కావలెను. కూర్చుండి పనిచేయువానికి 2,110 కెలోరీలు చాలును. స్త్రీల విషయమున ఈ సంఖ్యలు 2,720, 1,660. పురుషుని విషయమున భేదము 1,360 కెలోరీలు; అనగా సుమారు 390 గ్రాముల బియ్యముతో సమానము.

నాగలి పోయి ట్రాక్టరు వచ్చినది. కొడవలి పోయి కోత యంత్రము వచ్చినది. చేనికి నడచిపోవుటకు బదులు మోటారు సైకిలు వచ్చినది. రోలు, తిరుగలి మూలబడినవి; నీటి బిందె మోయు శ్రమ చాల ఊళ్లలో తగ్గినది. ఇవి యన్నియు మేలైన మార్పులే. అయితే తండ్రి తిన్న అన్నమునే కుమారుడును తినుచున్నాడు. తండ్రి చేసిన శ్రమ మాత్రము చేయుట లేదు. మిగిలిన శక్తి క్రొవ్వుగా మారి దేహమున నిలువయగును. పథ్యము ఆరంభించువారు మొదట గ్రహింపవలసిన సంగతి ఇదియే.

తొందరపాటు మొదటి శత్రువు

విఫలమైన పథ్యములలో అధిక భాగము అతి కఠినమైనవి. పూటకొక పండు తిని గడపుట, అన్నము పూర్తిగా మానుట, వారముల తరబడి రసములతోనే యుండుట ఇట్టివి. దేహము దీనిని కరవుగా భావించి ఆత్మరక్షణకు పూనుకొనును. 1944-45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారములపాటు అర్ధాకలితో ఆహారమిచ్చి పరిశీలించెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. దానితోపాటు దేహము వెచ్చించు శక్తియు తగ్గెను. వారికి నిరంతరము ఆహార చింతయే మిగిలెను. ఆస్ట్రేలియాలోని మెల్బోర్ను శాస్త్రజ్ఞులు 2011లో ప్రకటించిన పరిశోధనలో, కఠిన పథ్యముతో బరువు తగ్గినవారికి ఏడాది గడచిన తరువాత కూడ ఆకలిని పెంచు హార్మోనులు హెచ్చుగనే యున్నట్లు తేలెను.

కనుక పథ్యము చేసినవానికి ఆకలి హెచ్చుట అతని దోషము కాదు, దేహ ధర్మము. ఆ ధర్మమును ఎదిరించుటకంటె దానితో సర్దుకొనుట మేలు. వారమునకు అర కిలో చొప్పున తగ్గుట క్షేమకరమనియు, దినమునకు 1,000 కెలోరీలకు తక్కువ ఆహారము తగదనియు జాతీయ పోషకాహార సంస్థ సూచించుచున్నది. 70 కిలోల వ్యక్తి మూడు నాలుగు కిలోలు తగ్గి, ఆ బరువును నిలుపుకొన్నను ఆరోగ్యమునకు మేలు కలుగును. అమెరికాలో మధుమేహము రాబోవు స్థితిలోనున్న 3,234 మందిపై జరిగి 2002లో ప్రకటింపబడిన పరిశోధనలో ఒక జట్టు వారికి రెండు లక్ష్యము లుంచిరి: బరువులో నూటికి ఏడు వంతులు తగ్గించుట, వారమునకు 150 నిమిషములు నడక వంటి వ్యాయామము చేయుట. ఆ జట్టులో మధుమేహము వచ్చుట నూటికి 58 వంతులు తగ్గెను.

లెక్కకు రాని తిండి

"నేను తినునది పిడికెడు, అయినను బరువు తగ్గుట లేదు" అనువారు కలరు. వారు అబద్ధమాడుట లేదు; లెక్క తప్పుచున్నారు. 1992లో అమెరికాలో ఇట్టివారిని పరిశీలింపగా, వారు నిజముగా తినుదానిలో దాదాపు సగమును మరచి చెప్పుచున్నట్లును, చేయు శ్రమను దాదాపు ఒకటిన్నర రెట్లుగా చెప్పుచున్నట్లును వెల్లడియైనది.

మన యిండ్లలో ఈ లెక్క తప్పు చోట్లు తెలిసినవే. దినమునకు అయిదు కప్పుల టీ, కప్పునకు రెండు చెంచాల చక్కెర చొప్పున త్రాగినచో, చక్కెర వలననే 200 కెలోరీలు చేరును. చక్కెరకు బదులు బెల్లము వేసినను భేదము స్వల్పమే. సాయంకాలము అంగడివద్ద మిరపకాయ బజ్జీలు, పచ్చడిపై పోసిన నూనె, పిల్లలు విడిచిన అన్నము పారవేయలేక తల్లి తినుట మొదలైనవి ఎవరి లెక్కలోను చేరవు.

నూనె విషయమున సులభమైన పరీక్ష కలదు. మనిషికి దినమునకు 27 గ్రాముల నూనె, క్రొవ్వులు చాలునని పోషకాహార సంస్థ 2024లో ప్రకటించినది. అనగా నలుగురున్న యింటికి నెలకు సుమారు మూడున్నర లీటర్లు. ఇంటికి నెలకు ఎన్ని నూనె పొట్లములు వచ్చుచున్నవో లెక్కించినచో, ఏ వైద్యుడును చెప్పనక్కరలేకయే నిజము తెలియును.

ఇంటికి పొసగని పథ్యము నిలువదు

పట్టణపు అంగళ్లలో దొరకు ఖరీదైన గింజలు, పొడులు లేనిదే బరువు తగ్గదను భ్రమ కలదు. ఇంటిల్లిపాదికి ఒక వంట, పథ్యము చేయువారికి వేరొక వంట అన్నచో, వండు ఇల్లాలికి రెట్టింపు శ్రమ, ఖర్చును పెరుగును. అట్టి పథ్యము నెల దాటి నిలువదు. ఏ పథ్యము గొప్పది అను తగవును వ్యర్థమే. 2018లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో 609 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు క్రొవ్వులు తక్కువగాను, రెండవ జట్టుకు పిండిపదార్థములు తక్కువగాను ఉండు ఆహారము సూచించిరి. ఏడాదికి రెండు జట్లవారును సగటున అయిదారు కిలోలు తగ్గిరి. చెప్పుకొనదగిన భేదము కానరాలేదు. కావున చిరకాలము ఆచరింపగల పథ్యమే మంచి పథ్యము.

మన కంచమునే సరిదిద్దుకొనవచ్చును. పోషకాహార సంస్థ 2,000 కెలోరీల దినాహారమునకు 250 గ్రాముల ధాన్యములు, 85 గ్రాముల పప్పులు, 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు, 300 మిల్లీలీటర్ల పాలు లేక పెరుగు సూచించినది. మన యిండ్లలో ధాన్యము దీనికి మించియు, కూరగాయలు, పప్పులు దీనికి తగ్గియు ఉండుట సాధారణము. అన్నము మానవలసిన పని లేదు. ఒక గరిటె అన్నము తగ్గించి, ఒక గరిటె పప్పు, రెండు గరిటెల కూర హెచ్చించినచో కడుపు నిండును. ఆకలి త్వరగా వేయదు. జొన్నరొట్టె, రాగిసంకటి, ఉలవలు, పెసలు, ఆకుకూరలు, పలుచని మజ్జిగ మనకు క్రొత్తవి కావు. గ్రుడ్డు, చేప తినువారు వాటిని వేపుడుగా గాక ఉడికించి గాని, పులుసుగా గాని తినుట మేలు. పప్పు, పెరుగు, గ్రుడ్డు వంటి మాంసకృత్తులు చాలనిచో క్రొవ్వుతోపాటు కండయు కరగును, మనిషి నీరసించును.

ఒక లెక్క చూతము. రోజుకు పది చెంచాల చక్కెర మానినచో 200, రెండు పెద్ద చెంచాల నూనె తగ్గించినచో 240, నూరు గ్రాముల వండిన అన్నము తగ్గించినచో 130. మొత్తము 570 కెలోరీలు. ఆరంభ దినములలో వారమునకు అర కిలో తగ్గుటకు ఇది చాలును. ఇందు కొనవలసిన వస్తువు ఒక్కటియు లేదు.

మధ్యలో విడుచుట

తూనిక యంత్రమును నమ్మి నిరుత్సాహపడుట మరియొక కారణము. దేహములోని నీటి హెచ్చుతగ్గుల వలన ఒక దినమునకును మరుదినమునకును కిలో భేదము కనుపించవచ్చును. మొదటి వారములలో తగ్గునది కొంత నీరే కనుక, తరువాత వేగము మందగించుట సహజము. వారమున కొకసారి, ఒకే వేళ, ఒకే యంత్రముపై తూగవలెను. నెల కొకసారి నడుము కొలత చూచుకొనవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటినచో జాగ్రత్త పడవలెను.

పండుగలు, పెండ్లిండ్లు మరియొక ఆటంకము. సంక్రాంతికి నాలుగు అరిసెలు తిన్నంత మాత్రమున పథ్యము చెడదు. "ఎట్లును చెడినది కదా" అని మరునాటినుండి మానివేయుట వలన చెడును. విందు మరుపూట తిరిగి మామూలు పథ్యమునకు వచ్చినవాడే నెగ్గును. కోరిన బరువు రాగానే పాత అలవాట్లకు మరలుటయు ఇట్టిదే. ఇటీవల వైద్యులు సూచించు సూదిమందులు వాడినవారు సైతము మందు మానగానే తగ్గిన బరువులో అధిక భాగము తిరిగి పెరుగుట పరిశోధనలలో కనుపించినది.

నడక లేని పథ్యమును, పథ్యము లేని నడకయు అసంపూర్ణములే. గంట నడకకు సుమారు రెండు వందల కెలోరీలు మాత్రమే వ్యయమగును. నాలుగు బజ్జీలతో అది తిరిగి చేరును. అయితే తగ్గిన బరువును నిలుపుటకు నడక మిక్కిలి తోడ్పడును.

ఎవరు పథ్యము చేయరాదు?

ఈ సంగతిని పంచాయతీ సభ్యులు ప్రత్యేకముగా ప్రచారము చేయవలెను. పైని చెప్పిన సర్వే ప్రకారమే 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6 వంతున కలరు. ఒకే యింట తల్లికి అధిక బరువు, కుమార్తెకు రక్తహీనత ఉండవచ్చును. లావుగా నున్న స్త్రీకే రక్తహీనతయు ఉండవచ్చును. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు బరువు తగ్గుటకై పస్తులుండరాదు. మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడువారు వైద్యుని అడుగక భోజనము మానినచో, రక్తములోని చక్కెర హఠాత్తుగా పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. థైరాయిడ్ లోపము, కొన్ని రకముల మందులు కూడ బరువును పెంచును. కావున ఆరంభమునకు ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున పరీక్ష చేయించుకొనుట అవసరము. పేరు తెలియని పొడులను, కషాయములను నమ్మి ధనమును, ఆరోగ్యమును పోగొట్టుకొనరాదు.

పంచాయతీలు చేయదగిన పని

1993 ఏప్రిల్ 24వ తేదీన అమలులోనికి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చబడిన పదునొకండవ షెడ్యూలులో ఆరోగ్యము, పారిశుద్ధ్యము పంచాయతీలకు సంబంధించిన విషయములుగా పేర్కొనబడినవి. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఆరోగ్యవంతమైన గ్రామము ఒక లక్ష్యముగా నున్నది. ఒంటరిగా పథ్యము చేయువాడు త్వరగా అలసిపోవును. ఊరు తోడైనచో నిలుచును.

స్త్రీలు తెల్లవారుజామునను, సాయంకాలమును నిర్భయముగా నడచుటకు ఒక బాటను చదును చేయించి దీపములు పెట్టించుట పెద్ద వ్యయముతో కూడినది కాదు. గ్రామ ఆరోగ్య, పోషకాహార దినమున పిల్లలతోపాటు పెద్దలకును బరువు, నడుము కొలత, రక్తపు పోటు చూచు ఏర్పాటునకై ఆశా కార్యకర్తతోను, ఆరోగ్య కార్యకర్తతోను సంప్రదింపవచ్చును. పెరటి కూరగాయల సాగును మహిళా సంఘముల ద్వారా ప్రోత్సహింపవచ్చును. పంచాయతీ సమావేశములలో తీయని టీ, బజ్జీలకు బదులు మజ్జిగ, ఉడికించిన శనగలు ఇచ్చి సభ్యులే మార్గము చూపవచ్చును. లావుగా నున్నవారిని నలుగురిలో హాస్యమాడు అలవాటును మాన్పించుటయు సభ్యుల విధియే. అవమానింపబడినవాడు తూనిక యంత్రము దరికే రాడు.

రాబోవు గ్రామసభలో ఒక్క ప్రశ్న వేసి చూడుడు: "మన యింటికి నెలకు నూనె ఎంత, చక్కెర ఎంత వచ్చుచున్నది?" ప్రతి గృహస్థుడును, ఇల్లాలును ఆ లెక్క కట్టిననాడు మొదటి మెట్టు ఎక్కినట్లే యగును. మిగిలిన మెట్లు మెల్లగా, నిదానముగా ఎక్కవచ్చును.